రేపటి సెర్చ్ ఎటు పోతోంది, ఈరోజు మన ఫోన్లో ఏది ఉంచుకోవాలి

2025 జూలైలో ఎయిర్‌టెల్ తన 36 కోట్ల మంది కస్టమర్లకు పర్‌ప్లెక్సిటీ ప్రో అనే ఏఐ సెర్చ్ ఏడాది పాటు ఉచితం అంది. అక్టోబరు చివర్లో జియో లేచి, గూగుల్ జెమినై ప్రో ప్లాన్ 18 నెలలు ఫ్రీ అంది. నవంబరు 4 నుంచి చాట్‌జీపీటీ గో కూడా మన దేశంలో ఏడాదికి ఉచితమే అయింది. వేలల్లో ధర పలికే సరుకుని ఎవరూ ఊరికే పంచిపెట్టరు. జనం రేపు తమ ప్రశ్న ఏ పెట్టెలో టైప్ చేస్తారో ఆ పెట్టె గలవాళ్లదే రాజ్యం. ఆ అలవాటేదో ఇప్పుడే పడిపోవాలని వాళ్ల తాపత్రయం.

మన వైపు నుంచి చూస్తే లెక్క వేరు. ఒకే ఫోన్లో గూగుల్ ఉంది, చాట్‌జీపీటీ ఉంది, వాట్సాప్ తెరిస్తే మెటా ఏఐ గుండ్రటి గుర్తు ఉంది. దేన్ని అడిగినా ఏదో ఒకటి చెబుతుంది. "వీటిలో ఏది బెస్టండీ?" అని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: సమాధానం తప్పైతే మీకు పోయేదేమిటి? ఏమీ పోదనుకుంటే, జవాబు వండి వడ్డించే ఏఐ చాలు. డబ్బో, భూమో, ఆరోగ్యమో, ఉద్యోగమో పోయేలా ఉంటే మాత్రం మిమ్మల్ని అసలు కాగితం దాకా తీసుకెళ్లే సెర్చే కావాలి. కింద చెప్పే పోలికలన్నీ ఈ గీటురాయి మీదే. సెర్చ్ ఇంజిన్లు ముందుముందు ఏ విషయంలో బాగుపడాలి అన్నదానికి కూడా నా జవాబు దీన్నుంచే వస్తుంది.

మూడు దారులు

రంగంలో ఉన్నవాటిని పేర్ల వారీగా కాకుండా, అవి పోతున్న దారిని బట్టి చూస్తే గందరగోళం తగ్గుతుంది.

మొదటి దారి, లింకుల్ని పక్కకి జరిపి సమాధానమే చెప్పేయడం. గూగుల్ 2024 మేలో అమెరికాలో, ఆగస్టులో మన దేశంలో తెచ్చిన ఏఐ ఓవర్‌వ్యూ (లింకుల పైన ఏఐ రాసే పేరా), ఆ తర్వాత వచ్చిన ఏఐ మోడ్ (ఏఐతో మాట్లాడుతున్నట్టు వెతకడం), పర్‌ప్లెక్సిటీ, 2024 అక్టోబరు 31న మొదలైన చాట్‌జీపీటీ సెర్చ్, అన్నీ ఈ బాపతే. రెండో దారిలో వచ్చేవి పాత పద్ధతి లింకులే, కాకపోతే మన మీద నిఘా గానీ యాడ్స్ గానీ తక్కువ. డక్‌డక్‌గో, బ్రేవ్, స్టార్ట్‌పేజ్, నెలనెలా డబ్బు కట్టి వాడే కాగీ ఇటువైపు. మూడో దారి ఇంకా పునాదుల్లో ఉంది. వెబ్ పేజీల ఇండెక్స్ ఒక కంపెనీ సొత్తుగా ఉండకుండా, ఎవరైనా వాడుకునేలా ఉమ్మడిగా కట్టాలన్నది వీళ్ల ఆలోచన. యూరప్‌లో 2022 సెప్టెంబరులో 14 సంస్థలు కలిసి ఓపెన్ వెబ్ సెర్చ్ ప్రాజెక్టు మొదలుపెట్టాయి. జర్మనీకి చెందిన ఎకోసియా, ఫ్రాన్స్‌కి చెందిన క్వాంట్ కలిసి సొంత ఇండెక్స్ కడతామని 2024 నవంబరులో ప్రకటించాయి. ఈ మూడోది మన ఫోన్ దాకా రావడానికి చాలా టైం పడుతుంది కాబట్టి, ఎంపికలో దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

కానీ ఆ ఇండెక్స్ గొడవ ఏమిటో తెలియకపోతే మిగతా రెండింటినీ సరిగా పోల్చలేం. మనం వెతికినప్పుడు సెర్చ్ ఇంజిన్ అప్పటికప్పుడు ప్రపంచంలోని సైట్లన్నీ తిరిగి రాదు. దాని క్రాలర్ అనే ప్రోగ్రాం ముందే తిరిగి, పేజీలు చదివి, ఏ మాట ఏ పేజీలో ఉందో రాసి పెట్టుకుంటుంది. ఆ చిట్టాయే ఇండెక్స్. దాన్ని సొంతంగా, ప్రపంచమంతటికీ సరిపోయేలా నడుపుతున్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: గూగుల్, మైక్రోసాఫ్ట్ బింగ్, రష్యాలో యాండెక్స్, చైనాలో బైదూ, కాస్త చిన్న స్థాయిలో బ్రేవ్, బ్రిటన్‌లో మోజీక్. డక్‌డక్‌గో లింకులు చాలావరకు బింగ్ నుంచి వస్తాయి. స్టార్ట్‌పేజ్ చూపించేవి చాలావరకు గూగుల్ ఫలితాలే, మధ్యలో మన గుర్తింపు తీసేస్తుంది. అంచేత "బింగ్ బాగుంటుందా, డక్‌డక్‌గో బాగుంటుందా" అని ఫలితాల కోసం తల పట్టుకోవడం దండగ. తేడా అల్లా మీ గురించి ఎవరు ఎంత రాసిపెట్టుకుంటారన్న దగ్గరే. బ్రేవ్ మాత్రం 2023లో బింగ్ సాయం పూర్తిగా మానేసి సొంత ఇండెక్స్ మీదే నిలబడింది. గూగుల్‌లో దొరకనిది వేరే చోట దొరుకుతుందేమో చూడాలంటే బ్రేవ్‌లో చూడటం వల్ల ఉపయోగం ఉంటుంది. ఒకే బావిలో రెండు బకెట్లు వేసి లాభం లేదు కదా.

2025 ఆగస్టు 11న మైక్రోసాఫ్ట్, బింగ్ ఫలితాల్ని బయటి డెవలపర్లకు అమ్మే ఏపీఐ అనే సదుపాయాన్ని ఆపేసింది. దాని మీద ఆధారపడ్డ చిన్నాచితకా సెర్చ్ సైట్లు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. యూరప్ వాళ్లు ఉమ్మడి ఇండెక్స్ అని ఎందుకు పట్టుబడుతున్నారో దీంతో అర్థమవుతుంది.

జవాబు చెప్పే ఏఐ ఎక్కడ బోల్తా పడుతుంది

ఏఐ సెర్చ్ పని తీరు క్లుప్తంగా ఇది: మీ ప్రశ్నని రెండు మూడు చిన్న ప్రశ్నలుగా విడగొట్టి, ఇండెక్స్‌లో వెతికి, పైకి తేలిన కొన్ని పేజీలు చదివి, వాటిలోంచి ఒక పేరా అల్లుతుంది. అంటే అది తప్పు చెప్పడానికి రెండు చోట్ల అవకాశం ఉంది. చెత్త పేజీని ఎంచుకోవచ్చు, మంచి పేజీని తప్పుగా చదవచ్చు. 2024 మేలో గూగుల్ ఏఐ ఓవర్‌వ్యూ, పిజ్జా మీద చీజ్ జారిపోకుండా కొంచెం జిగురు కలపమని సలహా ఇచ్చి నవ్వులపాలైంది. రెడ్డిట్ అనే చర్చావేదికలో ఎవరో ఎప్పుడో సరదాకి రాసిన మాటని అది నిజమనుకుంది. జిగురు విషయం చూడగానే ఎవరికైనా తెలిసిపోతుంది కాబట్టి ప్రమాదం లేదు. చూడగానే తెలియని తప్పులతోనే చిక్కు.

భూమి కాగితాల ప్రశ్న తీసుకోండి. తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి పోర్టల్ వచ్చింది. దాని మీద నాలుగైదేళ్ల పాటు తెలుగులో, ఇంగ్లీషులో బోలెడన్ని వ్యాసాలు, యూట్యూబ్ వీడియోలు వచ్చాయి. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూ భారతి మొదలైంది, చట్టమే మారింది. రికార్డుల్లో తప్పులు పడితే ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎక్కడ అప్పీలు చేసుకోవాలి అన్న ఏర్పాట్లు మారాయి. ఇదివరకు కలెక్టరో కోర్టో అన్న చోట, ఇప్పుడు కొన్నిటికి తహసీల్దారు, ఆర్డీవో స్థాయిలోనే దారి ఉంది. ఇప్పుడు ఒక రైతు "పాసుబుక్కుల పేరు తప్పు పడింది, ఎట్ల మార్చుకోవాలె" అని ఫోన్‌తో అన్నాడనుకోండి. వెబ్‌లో పాత ధరణి పేజీలు కుప్పలుగా ఉన్నాయి, కొత్తవి కొన్నే. సంఖ్యాబలం చూసుకుని జవాబు అల్లే యంత్రం పాత పద్ధతిని చక్కటి తెలుగులో, ఏ అనుమానమూ రాని గొంతుతో చెప్పేయగలదు. దానికి తోడు ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి పోర్టల్ వేరు, అక్కడ అడంగల్ అంటారు; తెలంగాణలో పహాణీ అంటారు. రెండు రాష్ట్రాల పద్ధతులూ ఒకే పేరాలో కలగాపులగం అయితే, చదివినవాడు లేని ఫారం కోసం మీసేవ చుట్టూ తిరగాలి.

ఇలాంటి ప్రశ్నకి ఏఐ జవాబులో మూడు సంగతులు చూడండి. కింద ఇచ్చిన లింకుల్లో కనీసం ఒకటైనా ప్రభుత్వానిదేనా, అంటే చిరునామా చివర గవ్ డాట్ ఇన్ అని ఉందా? ఆ పేజీ తేదీ ఎప్పటిది? రాష్ట్రం పేరు జవాబులో స్పష్టంగా చెప్పిందా? మూడిట్లో ఒక్కటి లేకపోయినా ఆ జవాబుని పక్కన పెట్టి, గూగుల్‌లోనే "వెబ్" అనే ట్యాబ్ నొక్కండి. 2024 మేలో తెచ్చిన ఈ ట్యాబ్‌లో ఏఐ పేరా ఉండదు, ఉత్త లింకులే ఉంటాయి. చాలామందికి ఇది ఉందనే తెలియదు. ఫోన్లో అయితే పైన వరసని ఎడమకి జరుపుకుంటూ పోతే చివర్లో ఎక్కడో దాక్కుని ఉంటుంది.

ధరల విషయంలోనూ ఇదే తంతు. గుంటూరు మిర్చి యార్డులో తేజ రకం ఇవాళ క్వింటాలు ఎంత పలికిందని అడిగితే, ఏఐ ఒక అంకె చెబుతుంది. అది ఇవాళ్టిదా, గత సీజన్‌దా? పక్కన తేదీ లేకపోతే ఆ అంకెకి విలువ లేదు. కేంద్ర ప్రభుత్వం నడిపే అగ్‌మార్క్‌నెట్ లాంటి చోట తేదీతో సహా ఉంటుంది కాబట్టి, అలాంటి పేజీని ముందు పెట్టే సెర్చే రైతుకి పనికొచ్చేది. సెర్చ్ ఇంజిన్లు బాగుపడటం అంటే నా దృష్టిలో ముందుగా జరగాల్సింది ఇది. ప్రతి జవాబు పక్కనా తేదీ, ఊరు లేదా రాష్ట్రం, ఏ పేజీలో ఏ వాక్యం నుంచి తీసుకుందో చూపించాలి. దొరకనప్పుడు "దొరకలేదు" అనాలి. ఇప్పటి ఏఐలకి ఈ చివరి మాట నోరు తిరగడం లేదు. ఉన్నవాటిలో పర్‌ప్లెక్సిటీ దాదాపు ప్రతి వాక్యం వెనకా మూలం లింకు పెడుతుంది కాబట్టి సరిచూసుకోవడం తేలిక. గూగుల్ ఏఐ మోడ్ కూడా లింకులు ఇస్తుంది గానీ, జవాబు నునుపుగా చదువుకుంటూ పోయేవాడికి అవి కంటికి ఆనవు.

కస్టమర్ కేర్ నంబర్లు మాత్రం ఏ సెర్చ్‌లోనూ, ఏ ఏఐలోనూ వెతకకండి. దొంగ నంబర్లు పెట్టి, ఓటీపీలు లాగి, ఖాతాలు ఖాళీ చేయడం పెద్ద దందా అయిపోయింది. బ్యాంకు కార్డు వెనక ఉన్న నంబరు, ఆ కంపెనీ యాప్ లోపల ఉన్న నంబరు, అంతే. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

తెలుగులో వెతికితే

ఇంగ్లీషులో అన్నీ బాగానే పనిచేస్తాయి. వాటి మధ్య తేడాలు బయటపడేది తెలుగులో అడిగినప్పుడే.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. ఇంతమంది ఉన్నా, మన సెర్చ్ కష్టాలు మనవి. ఒక కారణం భాష కట్టుబడిలోనే ఉంది. హైదరాబాదు, హైదరాబాద్, హైదరాబాదులో, హైదరాబాద్‌కి, హైదరాబాదునుంచి. మనకి అన్నీ ఒకే ఊరు, ఇంజిన్‌కి విడివిడి మాటలు. విభక్తి ప్రత్యయాలు ఊడదీసి అసలు మాటని పట్టుకోగలిగితేనే అది సరైన పేజీ చూపగలదు. పైగా మనలో సగం మంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాం, అదీ తలా ఒక స్పెల్లింగుతో. వంకాయకి ఒకరు ఒక వీ పెడతారు, ఇంకొకరు డబ్ల్యూ పెడతారు. గూగుల్ 2019 డిసెంబరులో బెర్ట్ అనే భాషా నమూనాని తెలుగుతో సహా 70కి పైగా భాషల్లో సెర్చ్‌కి వాడటం మొదలుపెట్టాక, మాట మాటకీ పోల్చడం తగ్గి భావాన్ని పట్టుకోవడం మెరుగైంది. 2025 అక్టోబరులో ఏఐ మోడ్ కూడా తెలుగులోకి వచ్చింది. అందుకే తెలుగు లిపిలో, లేదా గొంతుతో, మాండలికం కలిపి అడిగే ప్రశ్నలకి ఇవాళ్టికి గూగుల్, దాని వెనకే చాట్‌జీపీటీ, జెమినైలదే పైచేయి. డక్‌డక్‌గో, బ్రేవ్ ఇక్కడ తేలిపోతాయి. ఇష్టమున్నా లేకపోయినా ఇది ఒప్పుకోవాలి.

రెండో కారణం ఇంజిన్లది కాదు, మనది. ప్రతి తెలుగు అక్షరానికీ కంప్యూటర్లో తనదైన కోడ్ ఇచ్చే యూనికోడ్ అలవాటు కాకముందు, చాలా చోట్ల అయ్యాక కూడా, డీటీపీ సెంటర్లు, పత్రికలు, ఆఫీసులు తెలుగుని అను లాంటి ఫాంట్లలో కొట్టాయి. ఆ ఫాంట్ల లోపల తెలుగు అక్షరం ఉండదు, ఇంగ్లీషు అక్షరాలకి తెలుగు ముసుగు ఉంటుంది. అలాంటి పీడీఎఫ్ తెరిచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. కంటికి "గ్రామ సభ" అని కనిపించింది, అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, పైనా కిందా చుక్కలు కలిసిన పిచ్చిగీతలు వస్తాయి. క్రాలర్ చదివేది ఆ పిచ్చిగీతల్నే. ఇక "గ్రామ సభ" అని మీరు ఎన్ని సార్లు వెతికినా ఆ కాగితం దొరకదు. పాత పుస్తకాల సంగతి మరోటి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బోలెడు ఉన్నాయి, కానీ అవి బొమ్మలు. పేరేమో ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. లోపలి అక్షరాల్ని గుర్తించే ఓసీఆర్ తెలుగు వత్తుల దగ్గర, పాత అచ్చు దగ్గర తడబడుతుంది.

కాబట్టి రాబోయే రోజుల్లో తెలుగు సెర్చ్‌కి పెద్ద మేలు జరిగితే అది కొత్త చాట్‌బాట్ వల్ల జరగదు. ఈ స్కాన్లని, పాత ఫాంటు ఫైళ్లని చదవగలిగే ఓసీఆర్ వల్ల జరుగుతుంది. భారతీయ భాషల కోసం కేంద్రం 2022లో మొదలుపెట్టిన భాషిణి లాంటి వేదికల నుంచి ఇలాంటి పని ఎక్కువ రావాలి. ప్రభుత్వాలు చేయాల్సిందైతే ఇంకా సులువు: జీవోలు, గెజిట్లు యూనికోడ్‌లో పెట్టడం. దీనికి ఏ ఏఐ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

అప్పటిదాకా తెలుగు సాహిత్యం, చరిత్ర, మాటల అర్థాలు వెతికేవాళ్లు ఈ పెద్ద ఇంజిన్ల ముందు కూర్చుని టైం పాడు చేసుకోకండి. మాటకి అర్థం కావాలంటే ఆంధ్రభారతి నిఘంటువుల్లోకి నేరుగా వెళ్లండి. పుస్తకాల పాఠం కావాలంటే తెలుగు వికీసోర్స్, ఊళ్లు, మనుషుల గురించైతే 2003 నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియా. ఏఐని పద్యం అడిగితే మాత్రం జాగ్రత్త. అడిగిన పద్యం గుర్తు లేకపోతే తనే ఒకటి కట్టి, కవి పేరు కూడా తగిలించేస్తుంది. గణాలు సరిపోవు, యతి ఉండదు. అది చూసుకోలేని పిల్లవాడు స్కూల్లో అదే చదివేస్తాడు.

డబ్బు ఎవరు కడుతున్నారు

లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటూ 1998లో గూగుల్ గురించి రాసిన పరిశోధన పత్రంలోనే ఒక మాట ఉంది. యాడ్స్ మీద బతికే సెర్చ్ ఇంజిన్ సహజంగానే యాడ్స్ ఇచ్చేవాళ్ల వైపు మొగ్గుతుంది, వినియోగదారుడి అవసరం వెనక్కి పోతుంది అని వాళ్లే రాశారు. రెండేళ్లు దాటీ దాటగానే, 2000లో, గూగుల్ యాడ్స్ అమ్మే యాడ్‌వర్డ్స్ వచ్చింది. ఇవాళ "మోకాళ్ల నొప్పి" అనో "హోమ్ లోన్" అనో కొడితే మొదటి తెర మొత్తం ఎవరిదో మీకు తెలుసు.

2024 ఆగస్టులో అమెరికా జడ్జి అమిత్ మెహతా, గూగుల్ సెర్చ్‌లో చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలబెట్టుకుందని తీర్పు చెప్పారు. ఫోన్లలో, బ్రౌజర్లలో తన సెర్చే డిఫాల్ట్‌గా ఉండటం కోసం గూగుల్ 2021 ఒక్క ఏడాదిలోనే 2,630 కోట్ల డాలర్లు పంచిందని ఆ కేసులో బయటికొచ్చింది. డిఫాల్ట్ మార్చుకోవడం అరనిమిషం పని. అయినా జనం మార్చరు. ఆ మార్చకపోవడానికి పలికిన ధర అది. 2025 సెప్టెంబరులో ఆయనే ఇచ్చిన తదుపరి ఉత్తర్వులో క్రోమ్‌ని అమ్మేయమనలేదు గానీ, తన సెర్చ్ ఒక్కటే ఉండాలనే ఒప్పందాల్ని ఆపమన్నారు, కొంత సెర్చ్ డేటాని పోటీదారులకు ఇవ్వమన్నారు. మన దగ్గర కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ విషయంలో 1,337 కోట్ల రూపాయల జరిమానా వేశాక, డిఫాల్ట్ సెర్చ్ ఎంచుకునే వీలు ఇస్తామని గూగుల్ 2023 జనవరిలో చెప్పింది. మీ ఫోన్లో క్రోమ్ సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్ అన్న చోట చూడండి, జాబితా ఉంటుంది.

డబ్బు కట్టి వాడే సెర్చ్ మేలు కాదా అంటే, మేలే, ఖరీదే. కాగీలో నెలకి 5 డాలర్లకి 300 వెతుకులాటలు, 10 డాలర్లకి ఎన్నైనా. మన లెక్కలో ఆ పెద్ద ప్లాన్ సుమారు తొమ్మిది వందల రూపాయలు. యాడ్ ఒక్కటి ఉండదు. నాకు అందులో నచ్చేది, ఏ సైటు మళ్లీ కనిపించకూడదో, ఏది పైన కనిపించాలో మనమే చెప్పగలగడం. పనికిమాలిన హెడ్డింగులతో ఊరించే సైట్లని ఒక్కసారి బ్లాక్ చేస్తే పీడ వదులుతుంది. రేపటి సెర్చ్‌లన్నిటికీ ఈ గుణం రావాలి. గూగుల్ 2025 ఆగస్టులో అమెరికాతో పాటు మన దేశంలో కూడా, వార్తల వరకు మనకి నచ్చిన పత్రికల్ని ఎంచుకునే వీలు తెచ్చింది. మంచి మొదలే, కానీ నచ్చనివాటిని వెళ్లగొట్టే బటన్ ఇంకా లేదు.

చందా మీద సెర్చ్ నడపడం ఎంత కష్టమో నీవా కథ చెబుతుంది. గూగుల్‌లో యాడ్స్ విభాగాన్ని ఏళ్ల తరబడి నడిపిన శ్రీధర్ రామస్వామి బయటికొచ్చి, 2019లో యాడ్స్ లేని నీవా మొదలుపెట్టారు. 2023లో మూసేశారు. జనం చేత డబ్బు కట్టించడం కన్నా, అసలు డిఫాల్ట్ మార్పించడమే కష్టమైందన్నది వాళ్లు చెప్పిన మాట.

ఇక ఈ ఏఐ ఉచితాల మాటకొస్తే, ఆటోపే పెట్టించుకుని ఉంటే గడువు తేదీని ఫోన్ క్యాలెండర్‌లో వేసుకోండి, యూపీఐ యాప్‌లోకి వెళ్లి ఆ మ్యాండేట్ చూసుకోండి. కార్డు నుంచి డబ్బు కట్ అయ్యాక టెన్షన్ పడి లాభం లేదు.

ఇంకో ఖర్చు కంటికి కనిపించదు. ఏఐ జవాబు చదివినవాడు కింది లింకు నొక్కడు. నొక్కకపోతే ఆ పేజీ రాసినవాడికి చదివేవాడూ లేడు, యాడ్ డబ్బూ లేదు. తన వార్తల్ని అనుమతి లేకుండా వాడుకుందని వార్తా సంస్థ ఏఎన్ఐ 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టులో చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ మీద కేసు వేసింది. రెడ్డిట్ అదే ఏడాది గూగుల్‌తో డబ్బు ఒప్పందం చేసుకుని, ఒప్పందం లేని ఇంజిన్లకి తలుపులు మూసేసింది. ఇలా ఎవరి గోడలు వాళ్లు కట్టుకుంటూ పోతే, అన్నీ ఒకేచోట దొరికే సెర్చ్ అన్నదే ఉండదు. తెలుగులో సొంత డబ్బుతో, ఇష్టంతో వంటల గురించో, పంటల గురించో రాసే సైట్లు అసలే తక్కువ. వాళ్లు మానేస్తే రేపు ఏఐ చదవడానికి కొత్త తెలుగు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఎవరికి ఏది

ఇంట్లో పెద్దవాళ్లకి, ముఖ్యంగా తెలుగులో మాట్లాడి అడిగేవాళ్లకి, గూగులే ఉంచండి. కొత్త యాప్ నేర్పి వాళ్లని ఇబ్బంది పెట్టొద్దు. కానీ నాన్నగారికో అత్తయ్యగారికో ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి: మందుల మోతాదు, బ్యాంకు, పెన్షన్, భూమి, ఈ నాలుగింట్లో ఫోన్ చెప్పింది ఎవరో ఒక మనిషిని అడిగాకే చేయాలని.

చదువుకునే పిల్లలకి పర్‌ప్లెక్సిటీ గానీ, చాట్‌జీపీటీలో సెర్చ్ ఆన్ చేసి గానీ బాగా పనికొస్తాయి. ఒక అంశం మీద మొదటి అవగాహనకి అంతకన్నా వేగంగా దొరికేది లేదు. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ ప్రిపేర్ అయ్యేవాళ్లు మాత్రం నోటిఫికేషన్ తేదీలు, సిలబస్, వయో పరిమితి గ్రూప్స్‌కైతే పబ్లిక్ సర్వీస్ కమిషన్, డీఎస్సీకైతే విద్యాశాఖ సైటులోనే చూసుకోవాలి. ఇవి నోటిఫికేషన్ నోటిఫికేషన్‌కీ మారొచ్చు, ఏఐకి పాతదీ కొత్తదీ ఒకేలా కనిపిస్తాయి.

ఆఫీసు పని, కోడింగ్, ఇంగ్లీషులో ఎక్కువ వెతుకులాట ఉండి, యాడ్స్ చూసి విసిగిపోయినవాళ్లు కాగీలో ఇచ్చే వంద ఉచిత వెతుకులాటలతో ముందు చూడండి. అది జేబుకి బరువైతే బ్రేవ్. నిఘా ఇష్టం లేక, జబ్బుల గురించో అప్పుల గురించో వెతికింది తర్వాత యాడ్స్ రూపంలో వెంటపడకూడదనుకుంటే డక్‌డక్‌గో పెట్టుకోండి. ఏఐ జవాబులు అక్కర్లేదంటే అందులో పూర్తిగా ఆపేసుకోవచ్చు కూడా. "దగ్గర్లో టైర్ల షాపు" లాంటి వాటికి అది అంతగా పనికిరాదు. మీరు ఎక్కడున్నారో సరిగ్గా తెలియని ఇంజిన్ దగ్గర్లో ఏముందో ఎలా చెబుతుంది? దానికి గూగుల్ మ్యాప్స్ ఉండనే ఉంది. వంటలు, సినిమా టైమింగ్స్, క్రికెట్ స్కోర్లు ఎక్కడ వెతికినా ఒకటే.

నా సలహా అడిగితే, ఒకటి కాదు, రెండు ఉంచుకోండి. లింకులు ఇచ్చేది ఒకటి డిఫాల్ట్‌గా, జవాబు చెప్పేది ఒకటి యాప్‌గా. ప్రశ్నని బట్టి మారండి.

ముందుముందు కొత్తది ఏదొచ్చినా, ఎవరెంత గొప్పగా చెప్పినా, మీకు జవాబు ముందే తెలిసిన ప్రశ్న వేసి చూడండి. మన రెండు రాష్ట్రాల వాళ్లకి అలాంటి పరీక్ష చేతిలోనే ఉంది. తెలంగాణలో 2016 దసరా నాడు 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కి చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, 2025 చివర్లో 28కి చేరాయి. ఇంటర్నెట్ నిండా పాత జిల్లాల పేర్లే. నరసరావుపేట ఏ జిల్లా అంటే గుంటూరు అనకుండా పల్నాడు అనాలి, సూర్యాపేట ఏ జిల్లా అంటే నల్లగొండ అనకూడదు. ఇవి పెద్ద ఊళ్లు కాబట్టి చాలావరకు గట్టెక్కుతాయి. ఆ తర్వాత మీ ఊరి పేరు కొట్టండి, తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి. మండలం, జిల్లా సరిగ్గా చెప్పి, ఎక్కణ్ణుంచి తీసుకుందో లింకు చూపిస్తే ఆ ఇంజిన్‌ని ఇంకొన్నాళ్లు వాడి చూడొచ్చు. ఊరు తెలియదని చెప్పినా పర్వాలేదు. తెలియకుండానే జిల్లా పేరు చెప్పి, జనాభా ఎంతో, దగ్గరి రైల్వే స్టేషన్ ఏదో కూడా చెప్పేస్తే, దాన్ని భూమి, డబ్బు, మందుల ప్రశ్నల దగ్గరికి రానివ్వకండి.